బ్రేక్ కర్ర

నాగేశ్వరరావు ముప్పై రెండేళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాడు. రిటైరై నాలుగేళ్ళయినా చెప్పడం మానలేదు, వినేవాళ్ళు తగ్గారంతే. ఇప్పుడా క్లాసులో మిగిలింది భార్య రమాసుందరి ఒక్కతే. కుక్కర్ విజిల్ ఎందుకు ఆలస్యమవుతోందో, ఫ్రిజ్ వెనక గోడ ఎందుకు వేడెక్కుతోందో, ఆవిడకి అన్నీ పాఠాలే. ఆవిడ కందిపప్పు కడుక్కుంటూ ఊఁ కొడుతూ ఉంటుంది. పోస్టాఫీసు కౌంటర్లో ముప్పయ్యేళ్ళు కూర్చున్న మనిషి, అవతలివాళ్ళు ఎంతసేపు మాట్లాడినా మొహం చిట్లించకుండా వినగలదు. పైగా ఆ పాఠాలంటే ఆవిడకి ఇష్టం. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు, చెబితే ఇంకా సాగదీస్తాడని భయం.

ఈ ఎనిమిది నెలలుగా నడుస్తున్న పాఠం బ్రేక్ కర్ర గురించి.

పటమటలో మెయిన్ రోడ్డు మీంచి రెండు సందులు లోపలికి వెళితే, ఒక మందుల దుకాణం పైన పాతికేళ్ళ నాటి రిక్రియేషన్ క్లబ్బు ఉంది. పేకాటకి ఒక గది, క్యారమ్స్‌కి ఒక మూల, నడిమి హాల్లో రెండు పూల్ బల్లలు. ఆ బల్లల బాగోగులు చూసే మార్కర్ జాన్‌బాబు. గుణదల నుంచి రోజూ సైకిల్ మీద వస్తాడు. యాభై దాటినవాడు, మాట మెత్తన, బల్ల మీద ఎవరైనా టీ గ్లాసు పెడితే మాత్రం ఎంత పెద్దమనిషినైనా కడిగేస్తాడు.

పూల్ ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. పదిహేను రంగు బంతుల్ని ముక్కోణంగా దగ్గరదగ్గరగా పేర్చి, తెల్ల బంతితో ఒక్క గుద్దు గుద్ది చెదరగొడతారు. అదే బ్రేక్. బాగా చెదిరితే ఆట తెరుచుకున్నట్టు. లేకపోతే బంతులన్నీ బస్సు కోసం నిలబడ్డ జనంలా ఒకచోటే గుమిగూడి ఉంటాయి, దేన్నీ కదపలేం. మామూలుగా ఆడుకునే కర్రతో బ్రేక్ కొడితే దాని కొనన ఉండే తోలుబిళ్ళ నలిగిపోయి, తర్వాత నాజూకు షాట్లకి పనికిరాదు. అందుకని ఆట తెలిసినవాళ్ళు బ్రేక్‌కని వేరే కర్ర పెట్టుకుంటారు.

రెండేళ్ళ కిందట నాగేశ్వరరావు కుడిభుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవడానికి కూడా ఇంకొకరి సాయం కావలసి వచ్చింది. ఏడాదిపాటు వ్యాయామాలు చేయిస్తే చెయ్యి లేచింది గాని, అందులోని విసురు తిరిగి రాలేదు. మెత్తగా, కొలిచినట్టు కొట్టే షాట్లలో ఇప్పటికీ క్లబ్బులో ఆయనకి సాటి లేరు. బ్రేక్ మాత్రం చచ్చింది. ఆయన గుద్దితే బంతులు కాస్త ఇటూ అటూ సర్దుకుని మళ్ళీ కూర్చునేవి.

ఆయనతో వచ్చిన చిక్కేమిటంటే, ఒక పని మునుపటిలా చెయ్యలేనప్పుడు కొంచెం తగ్గించుకోవడం చేతకాదు, మానెయ్యడమే తెలుసు. గొంతు జీరపోయిందని పాడటం మానేశాడు. ఎంత బాగా పాడేవాడో. షటిల్ ఆటలో ఒకరోజు పొద్దున్న నలుగురి ముందు ఒక తేలిక దెబ్బ తప్పిపోయింది. ఇంటికొస్తూనే రాకెట్ తీసుకెళ్ళి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ శౌరయ్య చేతిలో పెట్టేశాడు. ఆ వారమంతా ఇంట్లో దోమల బ్యాట్ కూడా ముట్టుకోలేదు.

భుజం పట్టేసిన మొదటి ఆరునెలలూ ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. కుక్కర్ కూసినా, కూయకపోయినా ఒక్క మాట లేదు. రమాసుందరికి జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. మనిషి ఎదురుగానే ఉన్నాడు, ఇల్లు మాత్రం ఖాళీగా ఉన్నట్టుండేది. చెయ్యి కదిలించాలని డాక్టరు చెప్పిన మాట పట్టుకుని ఆవిడే బతిమాలి, బామాలి క్లబ్బుకి తీసుకెళ్ళింది. ఆయనకి జోడీగా ఎవరూ దొరక్కపోతే తనే కర్ర పట్టుకుని నేర్చుకుంది. యాభై తొమ్మిదేళ్ళ వయసులో చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని బల్ల మీదికి వంగింది. నెల తిరక్కుండా ఆయనకి మాట తిరిగొచ్చింది, మాటతోపాటు పాఠాలూ వచ్చాయి.

అందుకే మొన్న ఫిబ్రవరిలో ఆయన "నా బ్రేక్‌లో లోపం లేదోయ్, కర్రే సరైంది కాదు" అన్నప్పుడు ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నేనూ అదే అనుకుంటున్నానండీ. తప్పంతా కర్రదే" అంది.

అక్కడినుంచి వేట మొదలైంది. బరువైన కర్ర, తేలిక కర్ర, కొన గట్టిది, పిడి లావుది. ఒకటి గుంటూరులో చూశారు, ఒకటి ఏలూరులో ఎవరో అమ్ముతున్నారంటే వెళ్ళారు. నోటుబుక్కులో గీతలు, బాణాలు. కర్రలు వస్తున్నాయి, తిరిగిపోతున్నాయి గాని బంతులు ఎక్కడివక్కడే. ఆషాఢం వెళ్ళేసరికి ఆయనకి కొత్త అలవాటొకటి పట్టుకుంది. ఏ కర్ర చూసినా ముందు ఆవిడ చేతికిచ్చి "ఒకసారి పట్టుకో" అనేవాడు. భుజం నొప్పెడుతోందేమో పాపం అని ఆవిడ పట్టుకునేది.

ఆవిడ దగ్గరా ఒక రహస్యం ఉంది.

ఆ ఆషాఢంలోనే ఒక మధ్యాహ్నం క్లబ్బులో ఎవరూ లేరు. నాగేశ్వరరావు టీ తేవడానికి కిందికి దిగాడు. జాన్‌బాబు బంతులు పేర్చి, "సార్ వచ్చేలోపు మీరొకటి కొట్టండమ్మా" అన్నాడు. రమాసుందరి గోడకున్న స్టాండ్‌లోంచి చేతికందిన కర్ర తీసుకుంది. పోస్టాఫీసులో తేదీ ముద్ర వేసే చెయ్యి అది. రోజుకి వెయ్యి ఉత్తరాలు. బలం చూపిస్తే సిరా అలుక్కుపోతుంది. మణికట్టు వదులుగా ఉంచి, చేతిని తిన్నగా చటుక్కున వదిలెయ్యాలి. ఆవిడ అలాగే వదిలింది.

హాలంతా పగిలినట్టు చప్పుడైంది. బంతులు బల్ల నాలుగు అంచులకీ కొట్టుకుని తిరిగొచ్చాయి. మూడు బంతులు బల్ల అంచుల్లోని పాకెట్లలో పడ్డాయి.

"మేరీ మాతా!" అన్నాడు జాన్‌బాబు, చేతిలోని గుడ్డ జారవిడిచి.

రమాసుందరి ఒంటినిండా సంతోషం పొంగింది. మరుక్షణం మెట్ల వైపు చూసింది. "జాన్‌బాబూ, సార్‌తో అనకు" అంది.

"అదేంటమ్మా, ఇంత బాగా కొట్టి..."

"అనకు అంతే. నీకు దణ్ణం పెడతాను."

అప్పట్నుంచి ఆయన ఎదురుగా బ్రేక్ కొట్టవలసి వస్తే చెయ్యి సడలించి, కావాలని మెత్తగా కొట్టేది. బ్రేక్ తనది కాదని తేలితే ఆయన ముందు బ్రేక్ వదిలేస్తాడు, ఆ తర్వాత బల్ల వదిలేస్తాడు, చివరికి మళ్ళీ ఆ బాల్కనీ కుర్చీ. ఆవిడ కళ్ళకి ఆ వరస స్పష్టంగా కనిపించేది.

దసరాకి క్లబ్బువాళ్ళు జంటల పోటీ పెట్టారు. బంతి పడ్డంతసేపూ జంటలో ఇద్దరూ వంతులవారీగా ఒక్కో షాట్ కొట్టాలి. బ్రేక్ ఇద్దరిలో ఎవరైనా కొట్టవచ్చు. మొగుడూపెళ్ళాలు వరసగా రెండు ఆటలు నెగ్గి ఫైనల్‌కి వచ్చారు. మొదటిది నాగేశ్వరరావు నాజూకు షాట్ల వల్ల. రెండోది, నిజం చెప్పాలంటే, ఎదుటి జంట ఆట మానేసి ఒకరినొకరు తిట్టుకోవడం వల్ల. ఫైనల్లో మాత్రం అలాంటి ఆశ లేదు. అవతల ఉన్నది జయంత్, సింధూరి. గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగాలు చేసే పిల్లలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు. జయంత్ బ్రేక్ కొడితే పక్క బల్ల మీద బంతులు కూడా ఉలిక్కిపడతాయని జాన్‌బాబు అనేవాడు.

ఫైనల్‌కి వారం ముందు హైదరాబాదు నుంచి పొడుగాటి డబ్బా వచ్చింది. నాగేశ్వరరావు తెరిచి చూసుకుని, మొహం వెలిగిపోతూ మళ్ళీ మూసేశాడు.

"ఇది తప్పకుండా పనిచేస్తుందోయ్. ఫైనల్ నాడు తీద్దాం" అన్నాడు.

రమాసుందరికి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇది కూడా పనిచెయ్యకపోతే? నెపం పెట్టడానికి ఇంక కర్రలు మిగల్లేదు.

కనుక ఫైనల్‌కి ముందురోజు, మహర్నవమి పొద్దున్నే, ఆయన స్నానానికి వెళ్ళిన సమయం చూసి, ఆవిడ ఆ డబ్బా తెరిచింది. రెండు ముక్కలూ కలిపి బిగించింది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఆయుధ పూజలో కత్తిపీట పక్కన, అమ్మవారి పటానికి ఆనించింది. "తల్లీ, ఆయన చేతికి విసురు ఇస్తావో, ఈ కర్రకే ఇస్తావో నీ ఇష్టం. ఆయన్ని మాత్రం మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టకు" అని కళ్ళు మూసుకుని మొక్కుకుంది. కొబ్బరికాయ కొట్టింది. హారతిచ్చింది.

పదకొండింటికి జాన్‌బాబు ఫోన్ చేశాడు. రేపు దశమి సాయంత్రం తెప్పోత్సవానికి రోడ్లు మూసేస్తారట, ఆటగాళ్ళు రాలేరని కమిటీవాళ్ళు ఫైనల్‌ని ఇవాళ నాలుగింటికి మార్చేశారు.

"మంచిదే" అంటూ నాగేశ్వరరావు హుషారుగా డబ్బా కోసం వెళ్ళాడు. డబ్బా ఖాళీగా ఉంది. పూజగదిలోకి తొంగిచూశాడు. పసుపు పూసుకుని, బొట్టు పెట్టుకుని, బంతిపూల మధ్య పెళ్ళికూతురులా నిలబడి ఉంది కర్ర.

"పూజలో పెట్టావా?" అన్నాడు, నీరసంగా.

"మీ పనిముట్టే కదండీ అని..."

ఇక్కడ వాళ్ళింటి ఆచారం చెప్పాలి. అందరిళ్ళలో పూజయ్యాక బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఒక చుట్టు తిప్పి తెస్తారు. నాగేశ్వరరావు తల్లి మాత్రం, నవమి నాడు పూజ అందుకున్న వస్తువుకి ఆ రోజంతా సెలవనీ, దశమి పొద్దున్న కలశం కదిపాకే ముట్టుకోవాలనీ కట్టుబాటు పెట్టింది. కూరగాయల కత్తి కూడా పూజలో ఉంటుంది గనక ఆ ఇంట్లో నవమి నాటి వంట పులిహోర, పరమాన్నం, పెరుగు. నాగేశ్వరరావు ఏ నవమి నాడూ స్కూటర్ ఎక్కలేదు, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ స్లైడ్ రూల్ ముట్టుకోలేదు. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన ఆయనకి మిగతా మూడువందల అరవై నాలుగు రోజులకే.

"తీసేద్దామండీ. అమ్మవారికి నేను చెప్పుకుంటాను, ఏమీ అనుకోదు" అంది రమాసుందరి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మవారు అనుకోదు. మా అమ్మ అనుకుంటుంది" అన్నాడాయన. ఖాళీ డబ్బా మూసి, "పద. క్లబ్బు కర్రల్లోనే ఏదో ఒకటి చూద్దాం. కాస్త ముందుగా వెళదాం" అన్నాడు.

స్కూటర్‌కి సెలవు కాబట్టి ఆటోలో వెళ్ళారు. దారంతా ఆవిడ "నా చేతులు విరగ్గొట్టాలి" అని తనని తాను తిట్టుకుంటూనే ఉంది. ఆయన "ఊరుకోవోయ్" అంటూనే ఉన్నాడు.

రెండున్నరకి క్లబ్బులో జాన్‌బాబు ఒక్కడే ఉన్నాడు. స్టాండ్‌లో పదకొండు కర్రలున్నాయి. నాగేశ్వరరావు కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్కటే తీసి బల్ల మీద దొర్లించాడు. తిన్నగా ఉన్న కర్ర నున్నగా పోతుంది. వంకరది కొన ఎగరేస్తూ పోతుంది. ఐదు ఎగిరాయి. వాటిని పక్కన పెట్టేశాడు. మిగిలినవాటి కొనలు గోటితో నొక్కి చూశాడు. తోలు మెత్తగా ఉంటే గుద్దులో సగం అందులోనే ఇంకిపోతుంది. ఇంకో మూడు పోయాయి. బల్ల మీద మూడు మిగిలాయి. వాటి పిడుల మీద బరువు ఔన్సుల్లో చెక్కి ఉంది. ఇరవై ఒకటి, ఇరవై, పద్దెనిమిది.

"ఒకసారి పట్టుకో" అన్నాడు.

రమాసుందరి మూడూ పట్టుకు చూసింది. ఆవిడకి ఇప్పుడు ఒకటే ధ్యాస, ఆయన చేతికి ఏది సాయం చేస్తుందా అని. ఇరవై ఒకటి అసలు రోకలిలా ఉంది. చెయ్యి మెల్లగా కదిలినా దాని బరువే బంతిని తోస్తుంది.

"ఇదే బావుందండీ. బరువైంది" అంది.

"అవును సార్, బరువుంటే దెబ్బ గట్టిగా పడుద్ది" అన్నాడు జాన్‌బాబు.

"అందరూ చేసే పొరపాటే" అన్నాడు నాగేశ్వరరావు. కర్ర బల్ల మీద ఆనించి పాఠంలోకి దిగాడు. "బరువు రెట్టింపు చేస్తే దెబ్బ రెట్టింపే అవుతుంది. వేగం రెట్టింపు చేస్తే నాలుగింతలు అవుతుంది. బరువు కర్ర చేతిని లాగేస్తుంది, మనం దాన్ని నడపం, అదే మనల్ని నడుపుతుంది. చెయ్యి ఎంత బరువుని తిన్నగా, వేగంగా వదలగలదో అంతే తీసుకోవాలి. అందుకని ఈ పద్దెనిమిదే సరైంది."

"వేగం ఉన్న చేతికి కదండీ ఆ లెక్క?"

మాట జారాక గాని ఆవిడకి తెలియలేదు. జాన్‌బాబు ఏదో పనున్నట్టు రెండో బల్ల దగ్గరికి వెళ్ళి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఎనిమిది నెలలుగా ఇంట్లోగాని, క్లబ్బులోగాని ఎవరూ అనని మాట అది. ఆవిడే అనేసింది. అదీ ఫైనల్‌కి గంట ముందు.

"అవును, వేగం ఉన్న చేతికే" అన్నాడు నాగేశ్వరరావు. ఆయన మొహంలో కోపం లేదు. పద్దెనిమిది ఔన్సుల కర్ర తీసి ఆవిడ చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. "ఇది నాకు కాదోయ్. నీకు."

రమాసుందరికి అర్థం కాలేదు. "మీరేమంటున్నారు?" అంది.

"ఆషాఢంలో ఒకరోజు టీ తెస్తూ మెట్లెక్కుతున్నాను. పైన చప్పుడైంది. జాన్‌బాబు బ్రేక్ నాకు తెలుసు, నా బ్రేక్ సరేసరి. ఇంకెవరూ లేరు పైన. ఆ మెట్టు మీదే నిలబడిపోయాను. తెల్ల బంతి సరిగ్గా నడిమధ్య తగిలితే తప్ప ఆ చప్పుడు రాదు. నేను పైకి వచ్చేసరికి నువ్వు మళ్ళీ బంతులు పేర్పించేసి, ఏమీ ఎరగనట్టు కర్ర కొనకి చాక్ రాసుకుంటున్నావు."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వు చెప్పావా?"

ఆవిడ కర్ర బల్ల మీద పెట్టేసింది. "చెబితే మీరు మానేస్తారని భయపడ్డాను" అంది. "పాట మానేశారు, షటిల్ మానేశారు. ఆ ఆరునెలలూ బాల్కనీలో కూర్చున్నారు చూడండి, ఇంట్లో ఉండి కూడా మీరు లేరండీ. నాకు మళ్ళీ అది వద్దు. మీ బ్రేక్ ఏమైపోయినా నాకు అక్కర్లేదు."

నాగేశ్వరరావు కళ్ళజోడు తీసి, తుడవనవసరం లేకపోయినా తుడుచుకున్నాడు.

"వారం రోజులు కోపంగానే ఉన్నానోయ్. నీ మీద కాదు, ఈ భుజం మీద. మానేద్దామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. తర్వాత ఒకటి తట్టింది. జంటల ఆటలో నువ్వు బ్రేక్ కొట్టి ఒక్క బంతి పడేశావనుకో, ఆ తర్వాతి షాట్ ఎవరిది?"

"మీది."

"చెదిరిన బల్ల మీద మొదటి షాట్ నాది. ఇన్ని నెలలూ నేను బ్రేక్ కొట్టి, గుమిగూడిన బంతుల్లో నీకు దారి లేకుండా చేసి, నువ్వు ఇరుక్కుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు తెరుచుకున్న బల్ల మీద ఆడాలని ఉంది రమా. అందుకనే అప్పట్నుంచీ నీ చేతికి కర్ర వెతుకుతున్నాను. హైదరాబాదు నుంచి తెప్పించింది కూడా నీ ఎత్తు, నీ పట్టు కొలతలు రాసి పంపితే చేసి ఇచ్చిందే. ఇవాళ డబ్బా తీసి నీ చేతికిద్దామనుకున్నాను. నువ్వేమో అమ్మవారికిచ్చేశావు."

రమాసుందరి ఏడవబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది. అవతల జాన్‌బాబు తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు.

నాలుగింటికి హాలు నిండింది. పేకాట గదిలోంచి కూడా జనం లేచి వచ్చారు. మూడు ఆటల్లో రెండు నెగ్గినవాళ్ళకి కప్పు. టాస్ వీళ్ళకి పడింది. బ్రేక్ కొట్టడానికి రమాసుందరి ముందుకి రావడం చూసి ఎవరో "మాస్టారు కొట్టరా?" అన్నారు. ఆ మాట ఆవిడ వీపు మీద తగిలింది. జాన్‌బాబు ఎదుట ఒప్పుకోవడం వేరు, ఇంతమంది మధ్య పక్కన నిలబడి చూడటం వేరు. ఆయన మనసు ఏ క్షణాన విరిగిపోతుందో ఎవరికి తెలుసు. ఆవిడ వంగింది గాని, చెయ్యి తనంతట తనే సడలిపోతోంది. కాస్త మెత్తగా కొట్టేస్తే పోదా అనిపించింది.

నాగేశ్వరరావు దగ్గరికొచ్చి, కర్ర మీద ఆవిడ చేతిని రెండంగుళాలు ముందుకి జరిపాడు.

"మెత్తగా కొట్టావంటే ఊరుకోను. ముద్ర వెయ్యి" అన్నాడు, ఆవిడకి మాత్రమే వినబడేట్టు.

రమాసుందరి మణికట్టు వదులు చేసి, చటుక్కున వదిలింది.

బంతులు బల్ల నిండా పరుగెత్తాయి. రెండు పడ్డాయి. చుట్టూ చప్పట్లు, ఈలలు. సింధూరి నోటి మీద చెయ్యి వేసుకుని "ఆంటీ!" అంది. రమాసుందరి బంతుల కేసి చూడలేదు, ఆయన మొహం కేసి చూసింది. ఆయన ఆవిడ కేసి గాని, చప్పట్లు కొట్టేవాళ్ళ కేసి గాని చూడటం లేదు. బల్ల చుట్టూ మెల్లగా తిరుగుతున్నాడు, ఇటు వంగి, అటు వంగి, మిఠాయి కొట్లో ఏది తినాలో తేల్చుకోలేని పిల్లవాడిలా. ఎనిమిది నెలల తర్వాత ఆయనకి అన్ని దారులు ఒక్కసారే కనిపించాయి. కొట్టిన మొదటి షాట్‌కి బంతి చప్పుడు లేకుండా వెళ్ళి పాకెట్లో పడింది.

ఆ ఆట వీళ్ళు నెగ్గారు. రెండో ఆట జయంత్ బ్రేక్. పిల్లలిద్దరూ వీళ్ళకి ఊపిరాడనివ్వకుండా నెగ్గేశారు. మూడోదాంట్లో రమాసుందరి బ్రేక్‌కి ఒక బంతి పడింది. ఆయనొకటి, ఆవిడొకటి వేసుకుంటూ వచ్చి, చివరికి వీళ్ళ బంతులన్నీ అయిపోయి, వేస్తే ఆట నెగ్గే నల్లబంతి ఒక్కటే మిగిలింది. అది పాకెట్‌కి జానెడు దూరంలో, తిన్నగా ఉంది. వంతు నాగేశ్వరరావుది. నిద్రలో కూడా కొట్టగలిగిన షాట్.

ఆయన చాక్ రాసుకుని, వంగి, కొట్టాడు. నల్లబంతి పాకెట్ అంచుకి తగిలి, అక్కడే ఊగి ఆగిపోయింది.

సింధూరి వాళ్ళకి మిగిలిన ఆఖరి బంతి వేసింది, జయంత్ ఆ నల్లబంతి వేశాడు. కప్పు వాళ్ళదైంది. ఇద్దరూ వచ్చి పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టారు. నాగేశ్వరరావు వాళ్ళ తలల మీద చెయ్యి వేసి, ఏదో దీవించి, గోడ పక్కకి వెళ్ళి తన కర్ర విప్పడం మొదలుపెట్టాడు. రెండు ముక్కలూ తుడిచి సంచిలో పెట్టి జిప్పు లాగాడు.

రమాసుందరి ఆ సంచినే చూస్తోంది. షటిల్ కోర్టు నుంచి వచ్చిన రోజు కూడా ఆయన ఇలాగే, ఇంత జాగ్రత్తగానే సంచి మూశాడు. నలుగురి ముందు తేలిక దెబ్బ తప్పడమే అప్పుడూ జరిగింది. ఇంటికెళ్ళాక ఆ సంచి ఎవరి చేతుల్లోకి పోతుందో ఆవిడకి తెలుసు. కప్పు పోయినందుకు ఆవిడకి చీమంత బాధ లేదు. ఆ ఒక్క బంతి అంచు దాటి పడి ఉంటే ఎంత బావుండునని మాత్రం అనుకుంది. ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళి, "ఏమండీ" అంది.

ఆయన సంచి భుజాన వేసుకుంటూ తలెత్తాడు.

"మోచెయ్యి బయటికి పోయిందోయ్ చివర్లో. కంగారు పడ్డాను" అన్నాడు. అని హాలు అవతలికి కేకేశాడు. "జాన్‌బాబూ, ఎల్లుండి క్లబ్బు ఎన్నింటికి తెరుస్తావు?"

"పదింటికి సార్."

"తొమ్మిదిన్నరకి తెరువు." ఆవిడ వైపు తిరిగాడు. "ఊరికే బంతి పెట్టుకుని కొడితే రాదు అది. ఆట మధ్యలో రావాలి. రోజుకి నాలుగాటలైనా పడాలి. బ్రేక్‌లన్నీ నువ్వే కొట్టి పెట్టాలి మరి, నా వల్ల కాదు."

నా వల్ల కాదు అన్న మాట ఆయన నోట రమాసుందరి వినడం ముప్పై ఆరేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. అదీ ఎంత మామూలుగా అన్నాడో.

"కొట్టి పెడతాలెండి" అంది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిచింది.